నేను దూరం చెప్పిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మొదలైన నాలుగో రోజున మా ఆయన మంచె నిచ్చెన చివరి మూడు మెట్లు ఒక్కసారిగా దిగాడు. పైనున్న నలభై మెట్లూ పదకొండేళ్ళుగా కడ్డీలు పట్టుకుని బుద్ధిగా దిగిన మనిషి, నేల దగ్గరయ్యేసరికి ధీమా వచ్చినట్టుంది. కుడికాలి ఎముక రెండు చోట్ల విరిగింది. డాక్టరు తొడదాకా సిమెంటు కట్టు వేసి, వానలు పడేదాకా మంచె మాట ఎత్తొద్దన్నాడు.

మా మొగుడూ పెళ్ళాలిద్దరి ఉద్యోగమూ ఒకటే, చూడటం. మా ఊరికి తూర్పున ఒక కొండ, పడమర ఒక కొండ. ఒక్కోదాని నెత్తిన అటవీ ఆఫీసువాళ్ళు కట్టించిన ఇనప మంచె. మంచె మీద నాలుగు వైపులా అద్దాలున్న గది, గది నడుమ డిగ్రీలు చెక్కిన గుండ్రటి బల్ల, దాని మీద తిరిగే ఇత్తడి సూది. ఎక్కడ పొగ లేచినా సూదిని అటు తిప్పి, అంకె చదివి, వైర్‌లెస్ సెట్టులో చెప్పాలి. తూర్పు మంచె నాది, పడమటిది ఆయనది. మా నేలలో ఏడాదికి ఎనిమిది నెలలు చినుకు పడదు. మోకాటి ఎత్తు గడ్డి ఎండిపోయి గలగలమంటుంది. ఆర్పకుండా విసిరిన చుట్టముక్క ఒకటి చాలు, మూడు గుట్టలు మాడిపోవడానికి.

ఈ పనిలో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. దిక్కు చెప్పు, దూరం చెప్పకు. ఒక మంచె మీద నుంచి చూస్తే పొగ ఏ వైపుందో తెలుస్తుంది గానీ ఎంత దూరంలో ఉందో తెలియదు. గుట్టకు ఇవతల లేచిన పొగా, అవతల లేచిన పొగా కంటికి ఒక్కలాగే ఉంటాయి. అందుకే రెండు మంచెలు. పటం మీద రెండు మంచెల చోటా రెండు మేకులు, వాటికి రెండు దారాలు. ఇద్దరూ చెప్పిన అంకెల ప్రకారం దారాలు లాగితే, అవి ఒకదాన్నొకటి దాటే చోట మంట ఉంటుంది. ఈ పాఠం నాకు నేర్పింది మా ఆయనే.

ఎండాకాలమంతా రోజుకు పదకొండు గంటలు మేమిద్దరం తొమ్మిది కిలోమీటర్ల ఎడంలో కూర్చునేవాళ్ళం. ఇంట్లో పక్కపక్కన కూర్చుంటే కూరలో ఉప్పు గురించి, కరెంటు బిల్లు గురించి తప్ప ఆయనకు మాట పెగలదు. మంచె ఎక్కితే మాత్రం ఆ మనిషే వేరు. గంటకోసారి "పొగ లేదు" అని చెప్పుకోవాలన్నది రూలు. ఆ రెండు ముక్కలూ అయ్యాక రూల్లో లేనివి మొదలయ్యేవి. పాట ఎత్తుకునేవాడు, రాగం కుదరక సగంలో దింపేసేవాడు. రేంజరు ముక్కుతో మాట్లాడే తీరును అచ్చం దింపేవాడు. నొక్కి పట్టుకుని మాట్లాడాల్సిన సెట్టు మీటను నవ్వు ఆపుకోలేక నేను వదిలేసిన రోజులున్నాయి. నా కాపురం ఇంట్లో కంటే ఆ సెట్టులోనే ఎక్కువ జరిగింది.

కాలు విరిగిన మర్నాడు ఆ రేంజరే మా ఇంటికొచ్చాడు. పటాన్నీ దారాలనూ ఆఫీసు నుంచి తెచ్చి మా ముందుగది గోడకు, మంచం మీదున్న మనిషికి చెయ్యి అందేంత ఎత్తులో తగిలించాడు. ఇక మీదట రెండు మంచెలూ మా ఆయనకు చెప్పాలి, ఆయన దారాలు లాగి చూసి ఆర్పే జట్టును పంపాలి. సెట్టులో నన్ను తూర్పు అంటారు. మా ఆయన ఆ రోజు నుంచి 'ఇల్లు' అయ్యాడు.

"మరి పడమటి మంచెకు మనిషి?" అన్నాడు రేంజరు.

"నేను వెళ్తాను బావగారూ" అంది మా తోడికోడలు, వంటింటి గుమ్మంలోంచి.

మా మరిది లారీ డ్రైవరు. నెలకు మూడు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ మూడు రోజులూ నిద్రపోతాడు. ఆ పిల్ల తొమ్మిదేళ్ళుగా ఇంటి పనీ కోళ్ళ పనీ చూసుకుంటూ, అడిగినదానికి జవాబు చెబుతూ మా మధ్య ఉండిపోయింది. అడగకుండా ఆమె మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను. నాకు నవ్వొచ్చింది.

"పదకొండు గంటలు ఒక్కదానివే కూర్చోవాలి. మూడో రోజుకు పిచ్చెక్కుతుంది నీకు" అన్నాను.

"చూస్తానక్కా" అంది.

మూడో రోజుకు పిచ్చెక్కలేదు సరికదా, ఏడో రోజుకు పొగ పట్టుకుంది.

"ఇల్లు, పడమర. పొగ. నూట ముప్పై ఒకటి" అని సెట్టులో ఆమె గొంతు వినబడేసరికి నేనూ అటే చూస్తున్నాను. దుర్భిణి నా కళ్ళకే ఉంది. అయినా ఆమె చెప్పాక గానీ నాకు కనబడలేదు, ఎండుగడ్డి మీద సన్నటి తెల్ల గీత. తడబడుతూ సూది తిప్పి నా అంకె చెప్పాను. జట్టు వెళ్ళి ఇరవై నిమిషాల్లో ఆర్పి వచ్చింది. నాలుగు సెంట్ల గడ్డి తప్ప ఏమీ కాలలేదట. జట్టు మేస్త్రి సెట్టులోకొచ్చి, "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు" అన్నాడు. ఆ చెవులు నావేనని అందరికీ తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పటం మీద దారాలు మారిపోయి ఉన్నాయి. ఆఫీసువాళ్ళ తెల్ల దారాలు రెండూ ఒకేలా ఉండి తికమక పెడుతున్నాయని, మా ఆయన నా కుట్టుమిషను డబ్బా తెప్పించుకున్నాడు. పడమటి మేకుకు ఎర్ర దారం కట్టాడు. నా మేకుకు నల్లది.

"ఎర్రది నాకు కట్టొచ్చుగా" అన్నాను.

"ఏదైతేనేం" అన్నాడు.

ఏదైతేనేం అనుకున్నప్పుడు నాకే కట్టొచ్చు కదా. మూరెడు దారం ముక్క కోసం, మొగుడు ఇంకో ఆడదానికి నగ చేయించినట్టు ఉడుక్కున్నాను. భోజనాల దగ్గర ఆయన, "అమ్మాయిది గద్ద కన్ను" అని మరో మాట కలిపాడు. వడ్డిస్తున్న మా తోడికోడలు తల వంచుకుని, "అదేం లేదు బావగారూ. ఆ టైములో అక్కకు ఎండ ఎదురుకొడుతుంది" అంది. నన్ను మెచ్చుకోని మొగుణ్ణి ఒకవేళ క్షమించగలను గానీ, నా తరఫున సాకు చెప్పిన మనిషిని ఎలా క్షమించను? కూర గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని నేనే వడ్డించాను.

దాచడానికేముంది, నాకు అసూయ. ఆయన ఆమెతో తప్పుగా ఉన్నాడని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అలా అనుకోగలిగినా బాగుండేది, నోరారా తిట్టడానికి ఒక కారణమైనా దొరికేది. నా బాధ వేరు. మా ముగ్గురి సెట్లకూ ఒకటే లైను, జట్టు బయల్దేరాక లారీలో సెట్టు కూడా దాంట్లోనే కలుస్తుంది. ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళకూ వినబడుతుంది. పదకొండేళ్ళు నేను ఒక్కదాన్నే విన్నాననుకున్న రేంజరు ముక్కుమాటలు ఇప్పుడు పడమటి కొండకు వెళ్తున్నాయి, అదే ముక్కు, అవే మాటలు. ఆ పిల్ల పకపకా నవ్వేది. తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో అలా నవ్వడం నేను చూడలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇక్కడ పొరుగిల్లు కూడా కాదు, ఒకటే వంటిల్లు.

నేను మాత్రం రూలు పట్టుకున్నాను. గంటకోసారి "పొగ లేదు" అని మీట వదిలేసేదాన్ని. మా ఆయన ఏదైనా ఎత్తుకుంటే "వింటున్నా" అనేదాన్ని, అంతే. అప్పుడప్పుడు ఆమె, "అక్కా, ఇవాళ గాలి చూశావా..." అని మొదలుపెట్టేది. "లైను ఖాళీగా ఉంచు" అనేదాన్ని. పాపం, వెంటనే ఊరుకునేది.

ముందు చూడాలి. ఒక్కసారైనా ఆమె కంటే ముందు నేను చూడాలి. ఆ ఎండాకాలం నా కోరిక అదొక్కటే. ఊళ్ళో ఎవరిల్లూ కాలకూడదన్న కోరిక కూడా దాని వెనకే ఉండేది. అద్దాలు రోజుకు మూడుసార్లు తుడిచేదాన్ని. కళ్ళు మండిపోయేదాకా దుర్భిణి దించేదాన్ని కాదు. అంత కష్టపడ్డాక ఫలితం రాకుండా ఉంటుందా? ఒక మధ్యాహ్నం వచ్చింది.

"ఇల్లు, తూర్పు. పొగ. నూట తొంభై." నా గొంతు నాకే పండగ చేసుకుంటున్నట్టు వినబడింది.

అంకెలు కలిసేలోపు జట్టును పొలిమేర దాకా వెళ్ళి ఆగమన్నాడు మా ఆయన. తర్వాత ఆమె మెల్లగా, "అక్కా, అది దుమ్ము. కంకర లారీ వెళ్తోంది. నాకు లారీ కనబడుతోంది" అంది.

అప్పటికే జట్టు బయల్దేరింది. దారి మధ్యలోంచి వెనక్కి తిరిగొస్తూ మేస్త్రి, "కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు" అన్నాడు. మా ఆయన నవ్వు ఆపుకున్నాడని మీట నొక్కి వదిలిన చప్పుడులోనే తెలిసిపోయింది. ఆ వారమంతా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసినా, ఎందుకని కూడా నేను మా తోడికోడల్ని అడగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తేనెపెట్టెల తాత మంచె దగ్గరికొచ్చాడు. రెండో గుట్ట వెనకవాలులో ఒక్కడే ఉంటాడు, అరవై పెట్టెల తేనెటీగలతో. ఫోను వాడడు. దాని మోత ఈగలకు పడదంటాడు, అసలు సంగతి ఆయనకే పడదు. ఏటా ఎండాకాలంలో నాకొక సీసా తేనె తెచ్చిపెడతాడు. ఆ రోజు సంచీలో రెండు సీసాలున్నాయి.

"రెండోది పడమటమ్మకు" అన్నాడు. "కొత్తగా ఎక్కిందటగా. బాగా చూస్తుందట."

నేను నా సీసా మూత బిగించుకున్నాను.

"తల్లీ, ఒక మాట చెప్పు" అన్నాడు తాత. "గాలి ఈసారి బాలేదు. పెట్టెలు బండి మీద వేసుకుని ఊరి దగ్గర చవిటినేలలో పెట్టుకోనా? అక్కడ కాలడానికి గడ్డే లేదు. కానీ పువ్వూ లేదు, ఈగలు సగం చస్తాయి. ఏం చెయ్యమంటావు?"

తీసుకెళ్ళు తాతా అనాలి. ఏ మంచె మనిషినడిగినా అదే చెబుతారు. కానీ రెండో సీసా నా కళ్ళ ముందుంది.

"తూర్పు మంచె మీద నేనుండగా నీకెందుకు తాతా భయం" అన్నాను. "నీ వాలు నా కంటి కింద ఉంటుంది."

"అంతేలే. నువ్వు చూస్తున్నావుగా" అని సంచీ భుజానికేసుకుని వెళ్ళిపోయాడు. మనసు తేలికపడ్డట్టు చకచకా దిగాడు.

పదిహేను రోజుల తర్వాత వేడిగాలులు మొదలయ్యాయి. మూడో రోజు సాయంత్రం నాలుగు కావస్తుండగా సెట్టులో మా తోడికోడలు, "ఇల్లు, పడమర. నీళ్ళ డబ్బా కింద పెట్టి వెళ్ళారు. దిగి తెచ్చుకుంటాను. పది నిమిషాలు" అంది. "సరేనమ్మా, మెట్లు జాగ్రత్త. చివరివి మరీ జాగ్రత్త" అన్నాడు మా ఆయన. ఆమె నవ్వుతూ మీట వదిలింది.

ఆ నవ్వు ఇంకా చెవిలో ఉండగానే నాకు పొగ కనబడింది.

ఈసారి దుమ్ము కాదు. దుమ్ము నేల వెంట పాకుతుంది, ఇది నిలువుగా లేచి పైన గాలికి విరిగింది. సూది తిప్పాను. రెండు వందల ఇరవై ఐదు. ఎండ నా ముఖం మీద కొడుతోంది. పొగ అడుగు కనబడటం లేదు, మొదటి గుట్ట అంచు మీద నుంచి పైభాగమే కనబడుతోంది. గుట్టకు ఇవతల, ఎండిన వాగు మలుపు దగ్గరైనా అయ్యుండాలి, అవతలైనా అయ్యుండాలి.

"ఇల్లు, తూర్పు. పొగ. రెండు వందల ఇరవై ఐదు" అన్నాను.

"రాసుకున్నా. పడమర కింద ఉంది" అన్నాడు మా ఆయన. "ఎక్కేదాకా ఆగుదాం. పది నిమిషాలేగా."

పది నిమిషాలు ఆగితే ఆమె ఎక్కుతుంది. చూస్తుంది, అంకె చెబుతుంది. ఎర్ర దారం కదులుతుంది. సాయంత్రానికి, ఇద్దరూ కలిసి పట్టారు అంటారు. ఇద్దరూ కలిసి అనే మాటలో నా వాటా ఎంత మిగులుతుందో అప్పటికే నాకు బాగా తెలుసు.

"ఆగక్కర్లేదు" అన్నాను. "వాగు మలుపు దగ్గర. నాలుగు కిలోమీటర్లు."

"దూరం చెప్తున్నావా?" అన్నాడు.

"పదకొండేళ్ళుగా చూస్తున్నానండీ ఈ గుట్టల్ని. నా మాట మీద నమ్మకం లేదా మీకు?"

గరగర తగ్గింది. "సరే. నీ మాటే" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా నేను ఎదురుచూసిన మాట అది. జట్టును వాగు మలుపుకు పంపడం విన్నాను. కుర్చీలో వెనక్కి వాలి, సీసాలో నీళ్ళు తాగాను. చల్లగా లేవు, అయినా తియ్యగా అనిపించాయి. పదకొండు నిమిషాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను.

"ఇల్లు, పడమర. పైకొచ్చాను" అని ఆయాసపడుతూ వినబడింది ఆమె గొంతు. "పొగ. పెద్దదే. నూట యాభై ఎనిమిది."

ఆమె అంకె వినగానే నాకు అర్థమైంది. దారాలు అక్కర్లేదు, పదకొండేళ్ళుగా నా తలలోనే ఒక పటం ఉంది. పొగ వాగు మలుపు దగ్గర ఉంటే ఆమె అంకె నూట పద్నాలుగు కావాలి. నూట యాభై ఎనిమిది అంటే రెండో గుట్ట అవతల, వెనకవాలు.

"తేనెపెట్టెల తాత" అన్నాడు మా ఆయన, మీట నొక్కే ఉందని మరిచిపోయి.

జట్టు లారీ అప్పటికి వాగులో ఇసకలో ఉంది. వెనక్కి తిరిగి, రెండు గుట్టలూ చుట్టి వెళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. తాతకు ఫోను లేదు, సెట్టు లేదు, నా మాట ఒక్కటే ఉంది. నేను మంచె దిగి పరుగెత్తినా రెండు గంటల దారి. నా ఉద్యోగం చూడటం, అక్కడే నిలబడి చూశాను. మొదట తెల్లగా ఉన్న పొగ బూడిదరంగైంది. తర్వాత ఉన్నట్టుండి ఒక పక్క నుంచి నల్లగా, ముద్దలు ముద్దలుగా లేచింది. గడ్డి అంత నల్లగా కాలదు. మైనం కాలుతుంది.

తాత బతికాడు. పెట్టెల్లో నాలుగింటిని ఈడ్చగలిగాడట, ఐదోదాని దగ్గర చేతులు అంటుకున్నాయి. అప్పుడు వెళ్ళి ఈగలకు నీళ్ళు పోసే రాతితొట్టిలో తడిపిన గోనెపట్టా నెత్తిన కప్పుకుని మెడదాకా కూర్చున్నాడు. జట్టు వాళ్ళు అందులోంచే ఎత్తారు. మోచేతులదాకా రెండు చేతులూ, ఒక చెవీ కాలాయి. యాభై ఆరు పెట్టెలు బూడిదయ్యాయి. మంట ఊరి వైపు రాకుండా ఆ రాత్రి గాలి పడిపోయింది, అందులో నా గొప్పేమీ లేదు.

మర్నాడు పొద్దున ఆస్పత్రికి వెళ్ళాను. తాత చేతులకు తెల్లటి కట్లు కట్టి దిండ్ల మీద పెట్టారు. నన్ను చూసి నవ్వబోయాడు, కాలిన చెవి లాగినట్టుంది, ఆపేశాడు.

"ముందు చూసింది నువ్వేనటగా తల్లీ" అన్నాడు. "మేస్త్రి చెప్పాడు. తూర్పే ముందు చూసిందని."

ముందు చూడాలని మొక్కుకున్న మొక్కు తీరింది. నేను ఆయన నోటికి నీళ్ళ గ్లాసు అందించి, తాగేదాకా పట్టుకుని, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే రేంజరు రిజిస్టరు పట్టుకుని మా ముందుగదిలో కూర్చున్నాడు. మా ఆయన మంచం మీద, నేను గోడవార, మా తోడికోడలు గుమ్మం దగ్గర. పటం మీద దారాలు ముందురోజు లాగినచోటే ఉన్నాయి.

"ఒక్క దిక్కుతో జట్టును ఎందుకు పంపారు?" అన్నాడు రేంజరు. "పడమర ఏమైంది?"

నేను నోరు తెరిచేలోపల మా తోడికోడలు అందుకుంది.

"నాదే తప్పు సార్. నీళ్ళకు దిగాను, సెట్టులో చెప్పకుండా దిగాను. అక్క పిలిచి ఉంటుంది, నేను పలకలేదు. నేను లేననే వాళ్ళు దూరం అంచనా వేసుకోవాల్సొచ్చింది."

రేంజరు కలం తీశాడు. మంచె మీద నుంచి చెప్పకుండా దిగితే ఉద్యోగం పోతుంది, అది గోడ మీద రాసి ఉండే రూలు. నేను మా ఆయన వైపు చూశాను. ఆమె చెప్పి దిగిందని ఆయన విన్నాడు. ఆగుదామన్నది కూడా ఆయనే. ఆయన మాత్రం నా వైపు చూడకుండా తన కట్టు మీద గోటితో గీస్తున్నాడు. చెప్పడమో మానడమో నాకే వదిలేశాడు.

గుమ్మం దగ్గర ఆమె ప్రశాంతంగా నిలబడి ఉంది. ఆ ముఖం చూసేసరికి నాకు కృతజ్ఞత రావాలి. రాలేదు. నేను చేసిన తప్పు కూడా చివరికి ఆమెకే దక్కుతోంది. నా తప్పును మోసి నాకంటే పెద్దమనిషి అయిపోతోంది. జీవితాంతం భోజనాల దగ్గర ఆ మంచితనం నా ఎదురుగా కూర్చుంటుంది.

"అబద్ధం" అన్నాను. "ఆమె చెప్పే దిగింది. నేను విన్నాను. ఆయన ఆగుదామన్నారు. నేనే ఆగలేదు, దూరం చెప్పాను."

రేంజరు కలం ఆగింది. "ఎందుకమ్మా? కొత్తవాళ్ళు కూడా చెయ్యని పని. మీరు పదకొండేళ్ళ మనిషి."

"నాకంటే ముందు ఆమె చూస్తోందని" అన్నాను.

ఆయన రిజిస్టరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముక్కుతో నెమ్మదిగా, "అది రాయడానికి ఇందులో గడి లేదమ్మా" అన్నాడు. 'రూలు తప్పి దూరం చెప్పారు' అని రాసుకుని నా సంతకం తీసుకున్నాడు. తూర్పు మంచె తాళంచెవి బల్ల మీద పెట్టాను.

నిజం ఒప్పుకున్నానని ఊళ్ళో కొందరు మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందేమీ లేదు. మంచితనంతో చెప్పిన నిజం కాదది, ఓర్వలేక చెప్పింది. కానీ చెప్పాక ఒంట్లోంచి జ్వరం దిగినట్టైంది, అది మాత్రం నిజం.

రేంజరు వెళ్ళాక మా ఆయన, "తప్పు నీ ఒక్కదానిదే కాదు. నేనూ పంపాను కదా" అన్నాడు.

"ఎందుకు పంపారు మరి? మీరు నేర్పిన పాఠమేగా."

"కాలు విరిగిన దగ్గర్నుంచి నువ్వు నాతో సరిగా మాట్లాడింది లేదు. నీ మాట కాదంటే అదీ మానేస్తావనిపించింది" అన్నాడు. మళ్ళీ కట్టు గీసుకోవడంలో పడ్డాడు. ఇంట్లో ఆయన నాతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు.

పెరట్లో మా తోడికోడలు కోళ్ళకు గింజలు చల్లుతోంది. నేను వెళ్ళి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను.

"ఎందుకు అబద్ధమాడావు?" అన్నాను. "నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు" అంది, చేతిలో గింజలన్నీ అయిపోయేదాకా ఆగి. "నీ మంచె పోతే నువ్వూ బావగారూ ఇక మాట్లాడుకోరు. అందుకని."

"మా మాటలతో నీకేం పని?"

"నువ్వు కోప్పడనంటే చెబుతాను" అని నా పక్కన కాకుండా కింది మెట్టు మీద కూర్చుంది. "వంటింట్లో పాత సెట్టు ఒకటుండేది కదక్కా. వినబడేదే, మాట్లాడటానికి పనికిరాదు. మంటలేమైనా వస్తే తెలుస్తుందని బావగారు పెట్టారు. తొమ్మిదేళ్ళూ మీ ఇద్దరి మాటలు దాంట్లో విన్నాను. మీరు నవ్వితే నేనూ ఇక్కడ నవ్వేదాన్ని. మా ఆయన ఫోను చేస్తే టైర్ల సంగతి చెప్పి పెట్టేస్తాడు. నా కుళ్ళు చూస్తే నువ్వు ఆశ్చర్యపోతావు. ఒక్క ఎండాకాలమైనా ఆ మాటల్లో నేనుండాలని మంచె ఎక్కాను."

"ఉన్నావుగా. ఆయన తెగ మాట్లాడాడుగా నీతో."

"బావగారు మాట్లాడారు" అంది. "బావగారి మాటలు నాకు అన్నీ తెలిసినవే. నేను అనుకుంది నీతో మాట్లాడొచ్చని."

కోళ్ళు గింజల కోసం నా కాళ్ళ దాకా వచ్చాయి. ఆమె లేచి గిన్నె కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఆ సంగతి మేమెప్పుడూ ఎత్తలేదు.

ఆమెకు మంచె మిగిలింది. తూర్పు మంచెకు జట్టులోని మనిషి ఒకతన్ని పెట్టారు. నేను రోజూ ఆస్పత్రికి వెళ్ళి తాతకు తినిపించి వచ్చేదాన్ని. తప్పు నాదేనని మూడో రోజున ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, "నాలుగు పెట్టెలున్నాయి" అన్నాడు. మర్నాడు వెళ్ళినప్పుడు నోరు తెరవలేదు. ఆ మర్నాడు తెరిచాడు. క్షమించాడని కాదు, ఆకలేసింది.

మూడు వారాలయ్యాక మా ఆయన కట్టు మార్చడానికి పట్నం తీసుకెళ్ళాల్సొచ్చింది. ఆ ఒక్క రోజు పటం దగ్గర కూర్చోవడానికి మనిషి దొరక్క, రేంజరు ఇష్టం లేకుండానే నన్ను కూర్చోబెట్టాడు. "వాళ్ళు చెప్పింది రాసుకోవాలి. సొంతంగా ఏమీ చెప్పకూడదు" అన్నాడు. తల ఊపాను.

పొద్దుటి నుంచీ గంటగంటకీ వచ్చేది పడమటి మంచె పిలుపు. నేను కూర్చున్నానని ఆమెకు తెలుసు. "ఇల్లు, పడమర. పొగ లేదు" అని, నేను "రాసుకున్నా" అనగానే మీట వదిలేసేది. ఒక్క మాట ఎక్కువ లేదు. లైను ఖాళీగా ఉంచమని నేనే కదా నేర్పాను.

రెండు గంటలకు మళ్ళీ వచ్చింది. "ఇల్లు, పడమర. పొగ లేదు."

"రాసుకున్నా" అన్నాను.

రాసుకున్నాను కూడా. ముందుగది కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు. పదకొండు ఎండాకాలాలు కొండ మీద నుంచి నేలంతా చూసినదాన్ని, ఆ గోడను చూస్తూ కూర్చున్నాను. పడమటి కొండ మీద ఆ పిల్ల కళ్ళ ముందు ఎంత నేలుందో తలుచుకుంటే కుళ్ళు మళ్ళీ కదిలింది. పోయిందనుకున్నాను, పోలేదు. పోయేదాకా ఆగుదామనుకుంటే నేను ముసలిదాన్నయిపోతానని కూడా అనిపించింది.

మీట నొక్కాను.

"పడమరా."

"చెప్పక్కా" అంది, కంగారుగా. "పొగా? నాకేం కనబడలేదే."

"పొగ కాదు" అన్నాను. "నీకు అక్కణ్ణుంచి ఏమేం కనబడతాయి?"

చాలాసేపు గరగర తప్ప ఏమీ వినబడలేదు. మీట నొక్కే ఉంది, మాట రావడం లేదు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావక్కా?" అంది.

"నీ ఇష్టం" అన్నాను. "నేను వింటున్నాను."